ఆత్మపూర్ణతకు గురుతు ఏది? – పండిత రమాబాయి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 7:15-20, అపొ. కార్య. 6:1-6; గలతీ. 5:22-26, 1 కొరింథీ. 13వ అధ్యాయము.



ఫలానివాడు ఆత్మతో నింపబడెనా, లేదా అను ప్రశ్న మన గ్రామ సంఘములలో తరచుగా వినబడుచుండును. కూటములకు క్రొత్త బోధకుడు వచ్చును. అతడు బిగ్గరగా ప్రార్థించిన యెడల, అతని ఒడలు వణకిన యెడల, అతడు తెలియని భాషలో పలికిన యెడల, ఇతడే నిండినవాడని జనులు చుట్టును చేరుదురు. అదే సంఘములో ముప్పది యేండ్లుగా గుడి ఊడ్చి, దీపము వెలిగించి, రోగుల యిండ్లకు గంజి మోసికొనిపోయి, తనకు కీడు చేసినవారిని క్షమించి బ్రతికిన ముసలి తల్లి యొకతె వెనుక వరుసలో కూర్చుండి, నాకు ఇంకను ఆత్మ రాలేదేమో, దేవుడు నన్ను త్రోసివేసెనేమో అని కొంగుతో కన్నులు తుడుచుకొనును.

ఇది చిన్న సంగతి కాదు. ఇందులో పొరపడుట వలన రెండు నష్టములు కలుగును. నిండనివానిని నిండినవాడని నమ్మి మందను అతని చేతికి అప్పగింతుము. నిండినదానిని నిండలేదని తలచి ఆమె హృదయమును నలుగగొట్టుదుము. కొన్ని ఊళ్లలో ఈ ప్రశ్న మీదనే సంఘము రెండు ముక్కలై, ఒకే బావి నీళ్లు త్రాగువారు ఒకరి ముఖము ఒకరు చూడకుండ తిరుగుచున్నారు.

తొలి సంఘము ఆత్మతో నిండినవారిని గుర్తింపగలిగినది. యెరూషలేములో విధవరాండ్రకు ఆహారము పంచుటలో సణుగు పుట్టినప్పుడు, ఆ పనికి ఆత్మతో నిండిన ఏడుగురిని ఏర్పరచుకొనుమని అపొస్తలులు సంఘమునకు చెప్పిరి. ఇక్కడ మనము ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను. కావలసినది ప్రసంగీకులు కారు, అన్నము పంచువారు. అన్నము పంచుటకు ఆత్మ నిండుదల ఎందుకు? పక్షపాతము లేకుండ, విసుగు లేకుండ, తన వారికి ఒక గరిటె ఎక్కువ వేయకుండ పంచుట శరీరస్వభావము వలన కానిపని గనుక. అటువంటి వారు ఎవరో సంఘములోని జనులకు తెలిసియుండెను, ఏలయనగా దినదినము వారితో కలిసి బ్రతుకుచుండిరి.

ఈ సత్యమును కన్నులకు కట్టినట్లు చూపిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల మనము ధ్యానింతము. ఆమె పండిత రమాబాయి.

అడవిలో పుట్టిన విద్యావతి

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన, నేటి కర్ణాటక రాష్ట్రములోని పడమటి కనుమలలో గంగామూల అను అడవి ప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీకి సంస్కృతము నేర్పుట తగదని పలువురు ఆక్షేపించిన కాలమున ఆయన తన భార్య లక్ష్మీబాయికి నేర్పెను. ఆ తల్లి తెల్లవారుజామున కూతురిని ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు చెప్పెను. బాల్యము దాటకమునుపే ఆ పిల్లకు వేలకొలది శ్లోకములు కంఠస్థమైనవి.

ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు చదివి వినిపించుచు జీవించెను. 1870ల నడుమ దక్షిణ దేశములో కరవు వచ్చినప్పుడు వారి యొద్దనున్న ధనమును, నగలును, పాత్రలును ఒక్కొక్కటిగా హరించిపోయెను. కూలి చేయుట వారికి తెలియదు, బిచ్చమెత్తుటకు మనసు రాలేదు. తుదకు వారు మన తిరుపతి ప్రాంతపు అడవికి చేరిరి. అక్కడ 11 దినములు నీటితోను, ఆకులతోను, పిడికెడు అడవి ఈతపండ్లతోను ప్రాణము నిలుపుకొనిరి. వృద్ధుడైన తండ్రి అక్కడనే బలహీనుడై కొద్ది దినములకు కన్నుమూసెను. తాను ఆమెను దేవునికి అప్పగించియున్నానని, ఆమె దేవునినే సేవింపవలెనని ఆయన చివరి ఘడియలలో తన చిన్న కూతురికి చెప్పెను. తక్కువ కాలములోనే తల్లియు, అక్కయు చనిపోయిరి. తల్లి శవమును మోయుటకు మనుష్యులు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చిరి, అన్న శ్రీనివాసుడు మూడవవాడు, రమాబాయి నాలుగవది. పొట్టిది గనుక భుజము అందక, పాడె కొయ్యను తలపై పెట్టుకొని మోసెను.

అన్నాచెల్లెండ్రు కాలినడకను దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అక్కడి పండితులు ఈ యువతిని పరీక్షించి, ఆశ్చర్యపడి, పండిత అనియు, సరస్వతి అనియు బిరుదులిచ్చిరి. 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరము ఆమె బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని కులభేదము లెక్కచేయక పెండ్లాడెను. 1881లో మనోరమ పుట్టెను. 1882 ఫిబ్రవరిలో కలరా సోకి భర్త చనిపోయెను. ఇరువదినాలుగు ఏండ్లు నిండకమునుపే ఆమె తల్లిదండ్రులు లేనిది, తోడబుట్టినవారు లేనిది, విధవరాలు, చంటిబిడ్డ తల్లి అయ్యెను.

మతము దొరికెను, ప్రభువు ఇంకను దొరకలేదు

పూనాకు వచ్చి స్త్రీవిద్య కొరకు పాటుపడిన పిమ్మట, 1883లో ఆమె ఇంగ్లండు దేశమునకు వెళ్లి వాంటేజి అను ఊరిలో క్రైస్తవ సహోదరీమండలి యొద్ద నివసించెను. వారు లండనులోని ఫుల్హామ్ లో నడుపుచున్న ఆశ్రయగృహమును ఆమెకు చూపిరి. చెడిపోయినవారని లోకము వెలివేసిన స్త్రీలను అక్కడ ప్రేమతో చేరదీసి, కడిగి, చదివించి, మనుష్యులుగా నిలువబెట్టుచుండిరి. ఇటువంటి ప్రేమ ఎక్కడనుండి వచ్చినదని ఆమె విచారింపగా, యోహాను సువార్త 4వ అధ్యాయములోని సమరయ స్త్రీ కథను చదివి వినిపించిరి. రమాబాయిని క్రీస్తు వైపు త్రిప్పినది వాదము కాదు, పడిపోయినదానిని లేవనెత్తిన చెయ్యి. అదే సంవత్సరము సెప్టెంబరు 29న ఆమెయు, మనోరమయు బాప్తిస్మము పొందిరి.

1886లో ఆమె అమెరికా వెళ్లి, మన దేశపు బాలవిధవల దుఃఖమును అక్కడి జనులకు తెలియజేసెను. వారి సహాయముతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము అను విధవల పాఠశాల తెరచి, మరుసటి సంవత్సరము దానిని పూనాకు మార్చెను. పేరు వచ్చెను, పని సాగెను, బాప్తిస్మమైన 8 సంవత్సరములును గడచెను. అయినను 1891 ప్రాంతమున ఆమె తన్ను తాను పరీక్షించుకొని, క్రైస్తవ మతము తనకు దొరికినది గాని క్రీస్తు తనకు దొరకలేదని గ్రహించెను. ఆ గ్రహింపును ఆమె దాచుకొనలేదు. నిండిన పాత్రవలె నటింపక, ఖాళీ పాత్రగా ప్రభువు పాదముల యొద్ద బోర్లపడెను. తన యోగ్యత వలన కాక క్రీస్తు చేసిన ప్రాయశ్చిత్తము వలననే పాపక్షమాపణ కలుగునని నమ్మి సమాధానము పొందెను.

తరువాత 1895లో లోనావ్లా అను కొండ ఊరిలో జరిగిన ఆత్మీయ కూటములలో పరిశుద్ధాత్మను గూర్చిన బోధ విని, ఆత్మ తనలో నివసించుటను గూర్చి క్రొత్త సంతోషము పొందెను. మరుసటి యేట అదే చోట ఆమెతో విశ్వాసులైన 15 మంది బాలికలుండిరి. 15ను 15తో హెచ్చింపగా వచ్చు 225 మంది ఆత్మలను తనకు ఇమ్మని ఆమె ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థనకు జవాబిచ్చిన విధము చూడుడి. వేదికల మీద జనసమూహములను ఇయ్యలేదు, కరవులో ఎండిన పిల్లలను ఇచ్చెను.

కరవు కాలపు తల్లి

1896-97లో మధ్య పరగణాలలో ఘోరమైన కరవు వచ్చెను. దిక్కులేని ఆడపిల్లలను దుష్టులు కొనిపోవుచున్నారని విని రమాబాయి నిలువలేకపోయెను. తిరుపతి అడవిలో తాను తిన్న ఆకుల రుచి ఆమె మరువలేదు. ఆమె స్వయముగా వెళ్లి ఎముకలగూళ్లైన బాలికలను, విధవలను చేర్చుకొని తెచ్చెను. కొద్ది నెలలలో అట్లు వచ్చినవారు దాదాపు 300 మంది. పూనాలో ప్లేగు నిబంధనల వలన అంతమందిని ఉంచుటకు వీలులేకపోయెను. పూనాకు 34 మైళ్ల దూరమున కేడ్గాము అను పల్లె యొద్ద ఆమె పండ్లతోట వేసిన భూమి యుండెను. అక్కడ గుడారములు వేసి, పాకలు కట్టించెను. అదియే ముక్తి సదనము.

1900లో గుజరాతు కరవుతో ఆ సంఖ్య దాదాపు 2000 వరకు పెరిగెను. అందరును అన్ని కులములవారు. పేలు పట్టిన తలలు, చీము కారు పుండ్లు, దొంగిలించి దాచుకొను అలవాటు, బూతులు, కొట్లాటలు, ఇవన్నియు వారితో వచ్చెను. ఆమె వారికి చదువుతోపాటు నేత, కుట్టుపని, వ్యవసాయము, గానుగ, అచ్చుపని నేర్పించెను. గ్రుడ్డివారికి వ్రేళ్లతో చదువు నేర్పు బడి పెట్టించెను. చెడిపోయిన స్త్రీలకు కృపా సదనము ప్రత్యేకముగా కట్టించెను. ఫుల్హామ్ లో చూచినదానిని మరువలేదు సుమా!

1905 జూన్ మాసము

రెండువేల కడుపులు నిండుచున్నవి, ఆత్మలు నిండవలెను గదా అని ఆమె భారపడెను. వేల్సు దేశములో జరుగుచున్న ఉజ్జీవపు వార్త అప్పుడే మన దేశమునకు చేరెను. 1905 జనవరిలో ఆమె, దినదినము తనతో కూడి ప్రార్థించువారు రావలెనని పిలువగా 70 మంది ముందుకు వచ్చిరి. జూన్ నాటికి ప్రతిదినము రెండుమారులు కూడుకొనువారు 550 మంది అయిరి.

జూన్ 29 తెల్లవారుజామున నిద్రశాలలో ఒక యువతి మీద ఆత్మ కుమ్మరింపు కలిగెను. ప్రక్కన పండుకొన్నది మేల్కొని, ఆమెను మంటలు కమ్ముకొన్నట్లు చూచి, పరుగున పోయి బాల్చీతో నీళ్లు తెచ్చి పోయబోయి, ఆమె కాలుచుండలేదని గ్రహించెనని అక్కడ సేవ చేసిన మిన్నీ ఏబ్రహామ్స్ అను అమెరికా మిషనరీ వ్రాసెను. మరునాడు సాయంకాలము రమాబాయి యోహాను సువార్త 8వ అధ్యాయమును వివరించుచుండగా బాలికలందరును ఒక్కసారిగా పాపములు తలంచుకొని ఏడ్చుచు బిగ్గరగా ప్రార్థింపసాగిరి. ఆమె తన బోధ ఆపవలసివచ్చెను. తరువాత 1906-07లో కొందరు అన్యభాషలలోను ప్రార్థించిరి.

ఈ సంగతులు విని కొందరు మెచ్చిరి, కొందరు ఎగతాళి చేసిరి. ఇది వట్టి ఆవేశమని, ఆడపిల్లల వెఱ్ఱియని అన్నవారిలో క్రైస్తవులును ఉండిరి. సంస్కృత శాస్త్రములను మథించిన ఈ విద్యావతికి అంత గోల రుచించుట సులభము కాదు. అయినను ఆమె అణచివేయలేదు. మన దేశపు స్త్రీలు దుఃఖమును, సంతోషమును బిగ్గరగా తెలుపువారే. దేవుడు వారిని వారి విధమున తాకినప్పుడు పరదేశపు మర్యాద ప్రకారము నోరు మూసికొనుమనుట న్యాయము కాదని ఆమె ఎంచెను. అదే సమయమున శబ్దమును చూచి మోసపోనులేదు. ఆమె వేరొకదాని కొరకు కనిపెట్టెను.

నిప్పు తరువాత ఏమి మిగిలెను?

పొయ్యిలో మంట ఎగసినప్పుడు అన్నము ఉడికెనో లేదో తెలియదు. మంట తగ్గిన పిమ్మట మెతుకు పట్టి చూచినప్పుడే తెలియును. రమాబాయి అట్లు మెతుకు పట్టి చూచెను. కోపిష్ఠులైన పిల్లలు సాధువులైరి. సోమరులు పనిలోనికి దిగిరి. దొంగిలించినవారు ఒప్పుకొనిరి. యువతులు గుంపులు గుంపులుగా చుట్టుప్రక్కల పల్లెలకు పోయి సువార్త చెప్పిరి. ఇవి ఆమె చూచిన గురుతులు.

అన్యభాషలు పొందినవారే ఆత్మను పొందినవారు, తక్కినవారు పొందలేదు అను బోధ ఆ దినములలో వ్యాపించుచుండెను. అట్టి సమయమున, 1907లో, రమాబాయి తన అభిప్రాయమును ఆశ్రమ పత్రికలో స్పష్టముగా తెలిపెను. పరిపూర్ణమైన దైవప్రేమయే ఆత్మ బాప్తిస్మమునకు అత్యవసరమైన ఏకైక గురుతు అనియు, అయినను స్వస్థపరచుట, భాషలు, ప్రవచనము అను వరములను త్రోసివేయకూడదనియు ఆమె భావము. తన ఇంటనే ఆ వరములు కనబడిన స్త్రీ ఇట్లు చెప్పుట గమనింపదగినది. వరము లేనివాడు ప్రేమను పొగడుట సులభము. వరముల మధ్య నివసించుచు ప్రేమనే పై మెట్టున నిలుపుట ఆత్మజ్ఞానము. పౌలు కొరింథు సంఘమునకు వరములను గూర్చి వ్రాసిన 12, 14 అధ్యాయముల నడుమ ప్రేమాధ్యాయమును ఉంచినది ఇందుకే గదా.

చివరి పరుగు

ఉజ్జీవపు సందడి అణగిన తరువాత ఆమె ఏమి చేసెను? ఊరూర తిరిగి తన అనుభవమును చాటుకొనుచు కాలము గడుపలేదు. మేజా ముందు కూర్చుండెను. పల్లెటూరి మరాఠీ స్త్రీకి సులభముగా తెలియునట్లు బైబిలును అనువదింపవలెనని, పెద్ద వయస్సులో హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొనెను. వినికిడి తగ్గిపోయెను, ఒడలు బలహీనపడెను. కరవులో తెచ్చి పెంచిన ఆడపిల్లలే అక్షరములు కూర్చి అచ్చువేసిరి. అనేక సంవత్సరములు ఒక్కతె కూర్చుండి చేసిన పని యిది. చప్పట్లు లేవు, జనసమూహము లేదు. ఆత్మతో నిండినవారు మౌనముగా కూడ కష్టపడుదురని దీనివలన నేర్చుకొందము.

1921 జూలైలో, తన తరువాత పని మోయునని ఎదురుచూచిన ఒక్కగానొక్క కూతురు మనోరమ 40వ యేట మరణించెను. తిరుపతి అడవి మొదలు ఎందరినో పోగొట్టుకొన్న తల్లికి ఇది చివరి గాయము. ఆమె దేవుని దూషింపలేదు, పని విడువలేదు. అనువాదపు చివరి ప్రతులు దిద్దుట ముగించి, 1922 ఏప్రిల్ 5న నిద్రలో ప్రభువు నందు నిద్రించెను. సంపూర్ణ బైబిలు 1924లో ముక్తి సదనపు అచ్చుయంత్రము మీదనే ముద్రితమాయెను. కేడ్గాములో ఆ సేవ నేటికిని జరుగుచున్నది.

మనము ఎట్లు గుర్తింతుము?

ప్రియులారా, ఈ జీవితమును మన యెదుట ఉంచుకొని మనము కొన్ని సంగతులు నేర్చుకొందము.

మొదటిది, ఆత్మ వచ్చినచోట పాపము దాగియుండదు. ముక్తి సదనములో తొలి శబ్దము తమ పాపములకై ఏడ్చిన ఏడ్పు. నిండితిని అని చెప్పుకొనువాడు పొరుగువాని గట్టు జరిపి తన చేనిలో కలుపుకొన్నదానిని ఇంకను తిరిగి ఇయ్యని యెడల, ఎండ్ల అప్పు ఎగవేసిన యెడల, భార్యను కొట్టుట మానని యెడల, మనము తొందరపడి అతనిని ముందు వరుసలో కూర్చుండబెట్టకూడదు. ముందు గట్టు సరిచేసికొనుమని ప్రేమతో చెప్పవలెను.

రెండవది, ఆత్మతో నిండిన చేతులు తక్కువ పనికి వంగును. రమాబాయి పండితులలో పండితురాలు. అయినను పుండ్లు పట్టిన పిల్లలకు తల్లియై నిలిచెను. తన్ను పెద్దగా చేసికొను నిండుదల మన ప్రభువు ఆత్మ వలన కలిగినది కాదు, ఏలయనగా ఆ ప్రభువు శిష్యుల పాదములు కడిగెను.

మూడవది, వరము గలవారు వరము లేనివారిని తృణీకరింపరు. నీకు లేదు, నాకు ఉన్నది అని చెప్పి సహోదరిని ఏడిపించు నోరు ఏ భాషలో ప్రార్థించినను, ప్రేమను ఎరుగదు. అట్లే నెమ్మదిగా ప్రార్థించువారు బిగ్గరగా ప్రార్థించువారిని చూచి నవ్వరాదు. రమాబాయి నవ్వలేదు, అణచలేదు, మోసపోనులేదు. ఈ మూడును కలిసినదే వివేచన.

నాలుగవది, కాలము పరీక్షించును. చెట్టు పూచిన దినమున కాదు, కాయలు పండిన దినమున తెలియును. మామిడి పూత చూచి పండ్ల బేరము చేసికొన్న రైతు గాలివానకు తలపట్టుకొనును. కూటముల వారములో కాదు, కరవులో, రోగములో, బిడ్డను పాతిపెట్టిన దినమున నిలుచునది ఆత్మ ఫలము. క్రొత్తగా ఉజ్జీవింపబడినవారికి మనము కాలమియ్యవలెను. వారిని అనుమానింపక, పొగడి పాడుచేయక, ఓర్పుతో కనిపెట్టవలెను.

వెనుక వరుసలో కన్నీరు విడుచుచున్న తల్లీ, నీతో కూడ ఒక మాట. నీవు అన్యభాషలో పలుకలేదేమో. నీ మీద మంటలు కనబడలేదేమో. నీవు నీ శత్రువు బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు కషాయము కాచి తీసికొనిపోయితివి గదా? ఆ ప్రేమ నీలో ఎక్కడనుండి పుట్టెను? అది మన మాంసములో మొలుచు మొక్క కాదు. నీవు ఎరుగకయే నీ యింట అతిథిగా ఆత్మదేవుడు నివసించుచున్నాడు. ఇంకను అడుగుము, నిండుగా అడుగుము, అయితే త్రోసివేయబడితినని భయపడకుము.

మనమందరమును ఇతరులను పరీక్షించుటకు ముందు మన యింటివారిని అడుగుదము. మన నిండుదలను గూర్చి మన భార్య, మన కోడలు, మన పాలేరు ఏమి సాక్ష్యమిత్తురు? గుడిలో సాక్ష్యము మనమే చెప్పుకొందుము. ఇంటిలో సాక్ష్యము ఇతరులు చెప్పవలెను.

ప్రార్థన: ప్రభువా, కరవులోను, దుఃఖములోను నీ దాసురాలిని నింపిన నీ ఆత్మతో మమ్మునును నింపుము. శబ్దమునకు మోసపోకుండ, మౌనమును చిన్నచూపు చూడకుండ మాకు వివేచన నిమ్ము. ఈ ప్రశ్న వలన చీలిన సంఘములను నీ ప్రేమతో మరల ఒక్కటి చేయుము. మా ఇండ్లలోను, చేలలోను, బావి గట్టు మీదను నీ ఆత్మ ఫలము కనబడనిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.